కడియాల మాస్టారు

మా చోడవరం డ్రిల్లు మాస్టారు బంగార్రాజు గారికి తాగుడు లేదు, పేకాట లేదు, ఆఖరికి డ్రిల్లు మాస్టర్లకి ఉండవలసిన కోపం కూడా లేదు. ఉన్నది ఒక్కటే జబ్బు. రెక్కలున్నది ఏది కనబడినా పట్టుకుని దాని కాలికి కడియం తొడగాలి. తొడిగి, నంబరు రిజిస్టరులో రాసుకుని, క్షేమంగా వెళ్ళిరమ్మని చెప్పి వదిలేయాలి. ఈ జబ్బుకి మందు లేదని ఆయన భార్య నరసమ్మ గారు పెళ్ళయిన ఆరో నెలలోనే తేల్చేశారు.

పిట్టల రాకపోకలు పరిశోధించే సంఘం ఒకటి బొంబాయిలో ఉందని ఆయన ఎక్కడో చదివి, ఉత్తరం మీద ఉత్తరం రాసి, ఆ కడియాలు తెప్పించుకున్నారు. ఊదితే ఎగిరిపోయేటంత తేలిక. ఒక్కోదాని మీద ఒక నంబరు, దొరికినవారు ఫలానా చోటికి తెలియజేయగలరని ఒక అడ్రసు. భాద్రపదం వెళ్ళి, వానలు తెరిపి ఇచ్చి, ఏటి ఒడ్డున బురద గట్టిపడుతున్న రోజుల్లో చలిదేశాల పిట్టలు మా వైపు దిగుతాయి. ఆ నెలరోజులూ మాస్టారు మనుషులతో మాట్లాడడం బాగా తగ్గించేవారు.

పక్క వాటాలో అద్దెకుండేవాణ్ణి కనక నాకు మాత్రం తప్పేది కాదు. తెల్లారకుండా లేపి, దుప్పటితో సహా ఏటి ఒడ్డుకి తీసుకుపోయేవారు. వలలో పడ్డ తోకాడించే పిట్టని నా చేతిలో పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కడియం తొడిగేవారు.

"ఒరే సత్యారావూ, ఇది ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? హిమాలయాలు దాటి వచ్చింది!"

"ఎవరు చెప్పారు మాస్టారూ?"

"పుస్తకంలో ఉంది."

"ఈ పిట్టే అని ఉందా?"

"అది తెలీకే కదరా నంబరు వేస్తన్నాను! గట్టిగా నొక్కకు. పాపం అంత దూరం నుంచి వచ్చి నీ చేతిలో పడింది."

పాపం ఆ పిట్ట అంత దూరం నుంచి మోసుకొచ్చినదంతా నా చేతిలోనే వదిలిపెట్టేది. మాస్టారు దాన్ని కూడా రిజిస్టరులో రాసుకునేవారు. ఆ రిజిస్టరులో పిట్ట రంగు, పొడుగు, బరువుతో పాటు స్వభావం అని ఒక గడి ఉండేది. అందులో 'కోపిష్టి' అనీ, 'మర్యాదస్తురాలు' అనీ, ఒక ఉల్లంకి పిట్టకయితే 'మా హెడ్మాస్టరు వంటిది' అనీ రాసి ఉండడం నేను కళ్ళారా చూశాను.

ఒకనాడు ఎనిమిదో తరగతి పిల్లలందరినీ చేతులు పైకెత్తి నిలబడమని ఈల వేశారు. అదే సమయానికి చెరకు తోట మీదుగా ఏదో పిట్ట ఎగిరింది. ఈల నోట్లో అలాగే ఉంది, మనిషి మాత్రం లేడు. అరగంట తరవాత హెడ్మాస్టరు గారు అటుగా వస్తే నలభైమంది పిల్లలు చేతులెత్తి లొంగిపోయిన సైన్యంలా నిలబడి ఉన్నారు.

"ఏటర్రా ఇది? ఎవరు నిలబెట్టేరు?"

"డ్రిల్లు మేస్టారండి."

"ఆయనేరీ?"

"పిట్టెనకాల ఎల్లేరండి. సేతులు దింపమని సెప్పలేదండి."

మాస్టారు మోకాలి లోతు బురదతో తిరిగొచ్చి, "దొరకలేదండి" అని హెడ్మాస్టరు గారికే తన కష్టం చెప్పుకున్నారు. ఆయన ఓదార్చారని విన్నాను.

నరసమ్మ గారి బాధ వేరు. "తమ్ముడూ, పెళ్ళిలో నా కాలికి మెట్టెలు తొడిగినప్పుడు ఈయన పందిరి మీద వాలిన గోరింక కేసి చూస్తన్నారు. మెట్టెలు పక్క వేలుకి తొడిగేసేరు. పిట్ట కాలుకయితే కళ్ళజోడు పెట్టుకుని మరీ తొడుగుతారు" అనేవారు. గోరింక సంగతి తేవద్దని మాస్టారు తరవాత నన్ను బతిమాలేవారు.

ఇంతవరకు ఊరు ఓర్చుకుంది. పందొమ్మిది వందల యాభై ఏడులో మాస్టారు కోళ్ళకి కూడా కడియాలు తొడగడం మొదలుపెట్టారు. అదీ తన కోళ్ళకి కాదు. ఆయనకి కోళ్ళు లేవు. దేవరాపల్లి రోడ్డు పక్క పాకల్లో ఉండే పేదవాళ్ళ కోళ్ళకి. బొంబాయి కడియాలు కోళ్ళకి చాలవు కనక ఇంట్లో సత్తు గిన్నెల మూతలు కత్తిరించి, మేకుతో అక్షరాలు గీసి తనే తయారుచేశారు. బజారులో ఆయన కనబడితే చాలు, "మేస్టారూ, మా పెట్ట రష్యా ఎల్లిపోతానంటంది, ఏటి సేయమంటారు?" అని జనం నవ్వేవారు. "వెళ్ళేక నాకు కబురు చెయ్యండి" అని ఆయన కూడా నవ్వేసేవారు. అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను గుమస్తాగా పనిచేసిన ఆఫీసు పేరు చెప్పను. పై ఆఫీసరు దొరగారు కేంపుకి వస్తే పల్లెల్లో కోళ్ళు మాయమయ్యే ఆఫీసు అంటే ఆ రోజులవాళ్ళకి తెలుస్తుంది. భోజనం ఏర్పాట్లు నావి, కోళ్ళు పట్టడం బంట్రోతు పరదేశిది. అడగడమంటూ ఏమీ లేదు. గంప పట్టుకుని పాకల్లోకి వెళ్ళడం, నిండాక తిరిగి రావడం. ఆ ఏడాది అశ్వయుజంలో దొరగారు వస్తున్నారనగా ముందురోజు పరదేశి ఖాళీ గంపతో వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"కోళ్ళేవిరా?"

"ఉన్నాయి బాబూ. అన్నీ అమ్మోరివి."

"అమ్మోరివేంట్రా?"

"కాళ్ళకి కడియాలున్నాయి బాబూ. నాలుగు పాకలు సూసేను. మొక్కుకున్న కోడిని ముట్టుకుంటే నా పిల్లలకి అమ్మోరు పోస్తాది. నన్నొగ్గీండి, నానొల్లను."

మా వైపు గ్రామదేవతకి మొక్కుకున్న కోడి కాలికి ఏదో ఒక గుర్తు కడతారు. పండగదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు, దొంగ అయినా పక్కింటి కోడినే చూసుకుంటాడు. సత్తు కడియం చూసి పరదేశి అదే అనుకున్నాడు. నాకు ఒళ్ళు మండి, నేనే బయల్దేరాను.

మొదటి పాక అచ్చియ్యమ్మది. ముసల్ది. అంతకు ముందు ఏడాది మా గంపలోకి ఆవిడ పెట్టలు నాలుగు వచ్చాయి. ఇప్పుడు ఉన్నది ఒకటే, దాని కాలికి మాస్టారి కడియం. లోపల మంచం మీద కూతురు దేముడమ్మ, పదకొండు రోజుల బాలింత, తలెత్తే ఓపిక కూడా లేకుండా పడుకుని ఉంది.

"ఇది అమ్మవారి కోడా?" అన్నాను.

"నాకు తెల్దు బాబూ. మేస్టారొచ్చి ఏసేరు. అమ్మోరిదా బాబూ అని నానూ అడిగేను. కాదు, నంబరు కోడి అన్నారు."

నేను తిన్నగా మాస్టారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూచుని ఇంకో మూత కత్తిరిస్తున్నారు. "నా గిన్నెలన్నీ బోడిగా ఉన్నాయి తమ్ముడూ" అని లోపలినుంచి నరసమ్మ గారు అన్నారు.

"ఏమిటి మాస్టారూ ఈ పని? పిట్టలంటే వలస పోతాయి, కడియం తొడిగారు. కోళ్ళు వలస పోతాయా?"

"పోతాయిరా" అన్నారు ఆయన, కత్తెర దించకుండా. "ఏటా అశ్వయుజంలో పోతాయి. పాకల్లో బయల్దేరి మీ కేంపు బంగళాకి చేరతాయి. ఒక్కటీ తిరిగి రాదు. రెండేళ్ళు వరసగా చూసేను."

ఆయన మూతలోంచి ఇంకో ముక్క కత్తిరించారు.

"ఆ బాలింత గుంటకి రోజుకో గుడ్డు పెట్టమన్నాడు డాక్టరు. పెట్టడానికి ఆ ఒక్క పెట్టే ఉంది. నువ్వు కోడికి భయపడవు, అమ్మవారికి భయపడవు. పట్టుకుపోతానంటే నేనేం చెయ్యగలను? నంబరు మాత్రం రాసుకుంటాను."

నాకు సిగ్గేసింది. ఉద్యోగం పోతుందని భయం కూడా వేసింది. రెండూ కలిపి ఆ మర్నాడు దొరగారికి ములక్కాడల పులుసు, గుత్తివంకాయ, మాడుగుల హల్వా వడ్డించాను. ఆయన విస్తరి ఈ చివరినుంచి ఆ చివరికి చూశారు.

"కోడి ఏదయ్యా?"

నేను నోరు తెరిచేలోపల పరదేశి, "అన్నీ అమ్మోరికి ఒగ్గీసేరండి, కాళ్ళకి కడియాలండి" అన్నాడు.

దొరగారు చదువుకున్న మనిషి. "ఇవన్నీ మూఢనమ్మకాలు. ఒకటి పట్టుకురండి, నేను చూస్తాను" అన్నారు. పరదేశి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేనే వెళ్ళాలి. ఎవరి కోడిని తేవాలో తోచక కాళ్ళు అలవాటు ప్రకారం మొదటి పాక దగ్గరే ఆగాయి. అచ్చియ్యమ్మ అడ్డం చెప్పలేదు. పెట్టని తనే పట్టి ఇస్తూ, "ఇయ్యాల గుడ్డింకా ఎట్టలేదు బాబూ, కూసింత నెమ్మదిగా తీసుకెళ్ళు" అంది.

కోడిని చంకన పెట్టుకుని వస్తుంటే దారిలో మాస్టారు ఎదురుపడ్డారు. రిజిస్టరు తెచ్చుకుని నా వెనకాలే బంగళాకి వచ్చారు.

దొరగారు కళ్ళజోడు సవరించుకుని కడియం మీద గీతలు పైకి చదివారు. "నంబరు పద్నాలుగు. దొరికినవారు తెలుపవలెను. బంగార్రాజు. ఎవరయ్యా ఈ బంగార్రాజు?"

"నేనేనండి!" మాస్టారు మడమలు కొట్టి సెల్యూట్ చేశారు.

"ఏం తెలపాలి?"

"నాలుగే గళ్ళండి. దొరికిన చోటు, కేంపు బంగళా, రాసేసేను. తారీఖు కూడా రాసేసేను. పట్టించినవారి పేరూ, హోదా తమరు చెప్తే..." అని కలం సిరాలో ముంచి నిలబడ్డారు.

"రాసి ఎవరికి చూపిస్తావు?"

"అడిగినవాళ్ళందరికీ చూపిస్తానండి. అడక్కపోయినా చూపిస్తాను. అదొక అలవాటండి."

అది నిజమేనని నేను తల ఊపాను. ఆ రిజిస్టరు చూడకుండా చోడవరంలో ఏ బస్సూ కదలదని పరదేశి కూడా అందుకున్నాడు. దొరగారు కోడికేసి చూశారు. కోడి దొరగారికేసి చూసింది. కలం చివర సిరాబొట్టు ఊరుతోంది. పులుసు చల్లారుతోంది.

"నేను చూస్తానన్నానే గాని తింటానన్నానటయ్యా?" అన్నారు ఆయన చివరికి. "చూశాను. తీసుకుపోయి ఎక్కణ్ణించి తెచ్చావో అక్కడే వదిలిపెట్టు. ఆ ములక్కాడలు ఇంకో నాలుగు వెయ్యి."

కోడిని అచ్చియ్యమ్మకి అప్పగించాను. మనసు ఊరుకోక, "కిందటేడు నీ పెట్టల్లో ఒకదాని కాలు నేనూ తిన్నానమ్మా" అన్నాను.

"తెల్సు బాబూ, పరదేశి సెప్పేడు. రుసిగా ఉన్నాదా?"

"చాలా బాగుంది" అన్నాను. ముసల్ది పడీపడీ నవ్వింది. లోపల మంచం మీంచి దేముడమ్మ నవ్వు కూడా వినబడింది.

సాయంత్రం మాస్టారు నన్ను అరుగు మీదికి పిలిచి రిజిస్టరు తెరిచి చూపించారు. ఆ కోడి వరస పూర్తిచేసి ఉంది: 'నంబరు 14. కేంపు బంగళాకి వెళ్ళి, ప్రాణాలతో తిరిగి వచ్చినది. దారిలో గుడ్డు పెట్టినది. స్వభావం: ధైర్యస్తురాలు.'

"బొంబాయి వాళ్ళకి రాస్తారా మాస్టారూ?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు.

"వాళ్ళు నమ్మర్రా" అన్నారు.