మిషన్ల డాక్టరమ్మ తోడు వెతుక్కున్న వైనం

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నాపెద్దా అందరికీ ఆమె మిషన్ల డాక్టరమ్మే. చదివింది ఎనిమిదో తరగతి. ఇరవై రెండేళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేస్తోంది. వరద నీళ్లలో మూడు రోజులు నానిన మిషన్ను ముక్కముక్కా విప్పి, తుడిచి, ఆరబెట్టి, మళ్లీ పట్టుబట్ట మీద కుట్టు వేయించిన ఘనత ఆమెది. రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీలో ఒకేసారి నలభై మిషన్లు మొరాయిస్తే, పెద్ద ఇంజనీరు వచ్చి చేతులెత్తేస్తే, ఈమె వెళ్లి రెండు రోజుల్లో నలభైనీ దారికి తెచ్చింది. పదకొండు మంది ఆడపిల్లలకు పని నేర్పింది. వాళ్లలో ముగ్గురు సొంత షాపులు పెట్టుకున్నారు. ఇందులో ఒక్క ముక్క కూడా పెంచి చెప్పింది కాదు.

ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. మిషన్ తెచ్చినవాళ్ల చేత ముందు వాళ్ల మిషన్నే నడిపించి చూస్తుంది. అంతవరకూ తాను వేలైనా పెట్టదు. కళ్లజోడు సవరించుకుని కాసేపు గమనించి, "మిషన్‌కేం రోగం లేదమ్మా. గుడ్డని వెనకనుంచి గుంజేస్తున్నావు, సూది విరగక ఏం చేస్తుంది?" అని తేల్చేస్తుంది. సగం లోపాలు ఇనుములో కాదు, మనిషిలోనే ఉంటాయని ఆమె నమ్మకం. మిషన్ల వరకూ అది అక్షరాలా నిజం.

చిక్కల్లా, తోడు వెతుక్కోవడంలోనూ ఆమె ఇదే పద్ధతి పాటించడం.

నలభై ఒకటో ఏట ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, ఆ పూట బాగుచేసిన మిషన్ ముచ్చట ఎదురుగా ఉన్న గోడకు చెబుతున్నానని గ్రహించి ఆమె ఉలిక్కిపడింది. సాయంత్రం అక్క ఇంటికి వెళ్లి, "నాకూ ఒక మనిషి కావాలే అక్కా" అంది. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడగని మనిషి అడిగిన మొదటి కోరిక అది. అక్క కళ్లు తుడుచుకుని, వెంటనే చెల్లెలి ఫోన్లో సంబంధాల యాప్ పెట్టించింది.

మొదట కలిసినవాడు గుమాస్తా. టీ తెచ్చేలోపు మూడుసార్లు చిటికెలేశాడు. ఆమె గమనించి, "మీకు తొందరెక్కువండీ. మీ దగ్గర సూదులు నిలవవు" అంది. సూదులేమిటో అర్థంకాక చేతులు కడుక్కొస్తానని వెళ్లినవాడు మరి తిరిగి రాలేదు. రెండోవాడు బస్సుల యజమాని, గంటసేపు తన గొప్పలే చెప్పాడు. "దారం పైనుంచే వస్తోందండీ, కింది దారం చుట్టిన బాబిన్ తిరగడం లేదు. ఇలాగైతే కుట్టు పడదు" అంది. మూడోవాడు తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. "మిమ్మల్ని నడిపేది అమ్మగారే కదా, నేను ఆవిడతోనే మాట్లాడతాను" అంది. కొడుకు ముఖం మాడ్చుకున్నాడు గానీ ఆ తల్లి తెగ మురిసిపోయి, నేటికీ తన మిషన్ ఈమె దగ్గరికే పంపుతోంది. ఇలా ఆరుగురయ్యారు.

"ఒసేయ్, నువ్వు మనిషిని చూసుకోడానికి వెళ్తున్నావా, సర్వీసింగ్ చెయ్యడానికి వెళ్తున్నావా?" అని అక్క విరుచుకుపడింది.

"ఉన్నమాట అంటే తప్పా?"

"తప్పే! రేపు వచ్చేది ఏడోవాడు. కళ్లజోళ్ల షాపులో పనిట. భార్య పోయి ఆరేళ్లయిందిట. నా మీద ఒట్టు, లోపం కనబడినా నోరెత్తకు."

"ఎత్తనులే. ఇదీ కుదరకపోతే ఆ యాప్ తీసెయ్యక్కా. మళ్లీ అద్దం ముందు నిలబడే ఓపిక నాకు లేదు." నవ్వుతూనే అంది గానీ, అక్క వైపు చూడలేదు.

మర్నాడు టీ హోటల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అతని ఎడమ చేతి దగ్గర చొక్కా కుట్టు జారిపోయి ఉంది. నోటిదాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. అతను కుర్చీ అంచున కూర్చుని ఆమె ముఖంలోకి చూస్తాడు, ఉలిక్కిపడి చూపు తిప్పేసుకుంటాడు, మళ్లీ చెవి వైపు చూస్తాడు.

"వాన పడేలా ఉందండీ" అన్నాడు.

"ఊఁ."

ఇరవై నిమిషాలు అంతే. నచ్చలేదు కాబోలనుకుంది ఆమె. అంతలో అతను చటుక్కున లేచాడు. ఆరుగురి వీపులు చూసిన మనిషి కదా, ఏడోది చూడలేక తల దించుకుంది.

అతను మళ్లీ కూలబడ్డాడు. "మా చెల్లెలికి మాటిచ్చి వచ్చానండీ. కానీ ఇక నా వల్ల కాదు. మీ కళ్లజోడు ఎడమవైపు దిగిపోయింది. స్క్రూ వదులైంది. చూస్తూ ఊరుకోలేక చచ్చిపోతున్నాను!"

"ఏమని మాటిచ్చారు?"

"పరాయివాళ్ల కళ్లజోడు ముట్టనని. పోయినసారి ఒకావిడ ముఖం మీంచి తీసి తుడిచేశాను. పోలీసుల్ని పిలుస్తానంది."

ఆమె పగలబడి నవ్వింది. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. "మీ ఎడమ చేతి కుట్టు గురించి నేనూ చెప్పకూడదండీ. మా అక్క ఒట్టు పెట్టి పంపింది."

"చెప్పేశారుగా!"

అతను జేబులు తడుముకున్నాడు. పనిముట్లన్నీ చెల్లెలు లాగేసుకుందిట. ఆమె సంచీ అక్క సోదా చేసే పంపింది గానీ, చేతిరుమాలు మడతలో బాబిన్ కేసు బిగించే బుల్లి స్క్రూడ్రైవరు ఉండనే ఉంది. తీసి ఇచ్చింది, కళ్లజోడుతో సహా. అతను గ్లాసుడు వేడినీళ్లు తెప్పించి, కాడను అందులో ముంచి వంపు సరిచేయడం మొదలుపెట్టాడు.

కళ్లజోడు లేకపోతే ఆమెకు మూరెడు దూరం కూడా ఆనదు. ఎదుటి మనిషి మసకగా ఒక ఆకారం, అంతే. అతని చేతులు ఎలా కదులుతున్నాయో, తొందరపడుతున్నాడో లేదో గమనించే వీలే లేదు. ఎంచడానికేమీ కనబడకపోయేసరికి ఆమె జన్మలో మొదటిసారి ఊరికే కూర్చుని ఒక మగవాడి మాటలు విన్నది. మంచి గొంతు.

"నా దగ్గర్నుంచి ఆరుగురు పారిపోయారండీ" అంది.

"నా దగ్గర్నుంచి నలుగురే. మీరే సీనియర్."

అలా అలా మాటలు సాగి అరగంట దాటింది. స్క్రూ బిగించడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలియనిది కాదు. రెండు నిమిషాల పని.

"ఇంకా అవలేదాండీ?" అని అడిగింది.

"ఇంకొంచెం ఉందండీ."

"నిదానంగానే చెయ్యండి" అంది ఆమె, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "ఈ పూట షాపు తియ్యను."