సూట్ల షాపు కార్డు, హాస్టల్ గది కూలరు

ఆ రోజుల్లో నాకు జీతం కంటే ఓనరు గారి చిరునవ్వు మీదే ఎక్కువ గురి (చిరునవ్వుతో హాస్టలు ఫీజు కట్టలేమని ఆలస్యంగా తెలిసింది). గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఉద్యోగం. మిరపకాయ బస్తాలు చల్లగా పడుకునేవి. నేనూ, నా గదిలో ఉండే పొదిలి అక్కా (నర్సు, ఊరి పేరుతోనే అందరూ పిలిచేవాళ్లు) రేకుల కప్పు కింద వేగిపోయేవాళ్లం. కూలరు కొనుక్కోవాలని తెగ కలలు కంటున్న సమయంలో ఉగాదికి బోనస్ అన్నారు. ఆత్రంగా కవరు విప్పితే మగవాళ్ల సూట్లు అమ్మే షాపు గిఫ్ట్ కార్డు! మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మగమనిషి మా నాన్న. ఆయన పత్తిచేలో పంచె ఎగ్గట్టుకుని తిరిగే మనిషి.

కార్డు అమ్ముతానని ఆన్‌లైన్‌లో పెట్టీ పెట్టకముందే ఫోన్. "మేడమ్, వెనకాల గీకి నంబరు ఫొటో తీసి పంపండి, వెంటనే డబ్బులేస్తా" అన్నాడొకాయన, తేనెలా. నేను గోరు ఆనించానో లేదో, పొదిలి అక్క ఫోన్ లాక్కుంది. "నంబరు నీకొచ్చాక మాకు మిగిలేది ప్లాస్టిక్ ముక్కేగా బాబూ! షాపుకొచ్చి బిల్లు దగ్గర తీసుకో" అంది. ఆయన లైను కట్ చేశాడు. "చూశావా? కొనేవాళ్లు ఉండేది షాపులో. పద, అక్కడే వెతుకుదాం" అని నన్ను బయల్దేరదీసింది.

షాపులో దర్శి నుంచి వచ్చిన పెళ్లికొడుకు, అతని అక్క కనిపించారు. పెళ్లయ్యాక మగపెళ్లివారిచ్చే వలీమా విందుకి సూటు. అతను ఆపా అని పిలిచే ఆ అక్కగారికి మా సంగతి చెబితే పైనుంచి కిందికి చూసింది. "సూటు కుదిరితే చూద్దాంలే" అంది. అంటే మా కూలరు ఆ అబ్బాయి భుజాల మీద ఉందన్నమాట. మెరుపుల మెరూన్ కోటు వేసుకుని బయటికొచ్చాడు. ధర మా కార్డుకి అచ్చంగా సరిపోయేది. "అదిరిపోయిందండీ!" అన్నాను, అవసరానికి మించిన ఉత్సాహంతో. ఆపా అటు తిరగగానే అతను మెల్లగా అడిగాడు. "నిజం చెప్పండి. బాగుందా?"

చెమటలు కారుతున్న ఆ మొహం చూశాక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదే ఆయనలా ఉన్నారండీ" అనేశాను. పొదిలి అక్క నా కాలు తొక్కింది. అతను పగలబడి నవ్వి, ఆ మాట ఆపాకి కూడా చెప్పి, వెళ్లి సాదా బూడిదరంగు సూటు వేసుకొచ్చాడు. ఎంత బాగున్నాడో! ధర మాత్రం సగమే.

ఇక కూలరు లేనట్టే అనుకున్నాను. ఆపా తమ్ముణ్ణి తేరిపార చూసి, కళ్లు తుడుచుకుని, "మిగతా దానికి మీ బావకీ, అబ్బాకీ చొక్కాలు తీసుకుందాం. నిజం చెప్పే పిల్ల కార్డులో మోసం ఉండదులే" అంది (అబ్బా అంటే వాళ్ల నాన్నట). అయినా బిల్లు దగ్గర డబ్బు మాత్రం వదల్లేదు. "ముందు కార్డు ఇవ్వు." "ముందు డబ్బులివ్వండి." ఇద్దరం ఎదురెదురుగా చేతిలోవి బిగించి పట్టుకుని నిలబడితే, కౌంటర్లో ఆయన విసుక్కున్నాడు. "రెండూ ఈ బల్ల మీద పెట్టండమ్మా, నేనున్నాగా!" కార్డు పరీక్షించి, అంతా సరిగ్గానే ఉందని చెప్పి, బిల్లు కొట్టి, డబ్బు నావైపు జరిపాడు.

ఆ సాయంత్రమే కూలరు ఆటో ఎక్కింది. రాత్రి గదిలో దాని మోతకి ఒకరి మాట ఒకరికి వినపడక, నవ్వుతూ సైగలు చేసుకున్నాం.

ఇప్పుడు నాకు బట్టల షాపులో ఇంకో సైజు అడగాలన్నా మొహమాటం. ముక్కూమొహం తెలియని పెళ్లికొడుకుని పట్టుకుని క్లారినెట్ అన్న ఆ పిల్ల ఇవాళ ఎక్కడైనా ఎదురుపడితే, నేనే భయపడి పక్కకి తప్పుకుంటానేమో. కాస్త దూరం వెళ్లాక మాత్రం వెనక్కి తిరిగి చూసి నవ్వుకుంటాను.