పంతులుగారికి గడి లేదు

కాన్పు విషయంలో ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తేల్చడం నా పరిశోధన. పల్లె ఆడవాళ్లది చెల్లదని ముందే తేల్చేసుకుని, పోయిన ఎండాకాలం హిందూపురం నుంచి చిలమత్తూరు దగ్గరి ఓ పల్లెకు ఫారాలు పట్టుకుని వెళ్లాను. బాలింత గంగమ్మను, ఎవరూ వినకూడదని వాళ్ల అత్తగారిని బయటికి పంపి మరీ అడిగాను.

“మీ కాన్పు ఎప్పుడు, ఎక్కడ జరగాలో ఎవరు నిర్ణయించారు?”

“నొప్పులొస్తానే నేనే ఆటో పిలిపిస్తి మేడం. హిందూపురం ఆస్పత్రికి పోయినాం. మీకెట్లయింది?”

“ఆపరేషన్.”

“నొప్పులు తట్టుకోలేకనా?”

“నొప్పులు రాకముందే.”

“బిడ్డ అడ్డం తిరిగిందా?”

బిడ్డ బాగానే ఉంది. మామగారు నక్షత్రం ఎంచారు, పంతులుగారు ముహూర్తం పెట్టారు, నేను సంతకం పెట్టాను. గొణుగుతూ అదే చెప్పాను.

గుమ్మం అవతలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది. “పాపం, ఆ యమ్మను ఎవురూ అడిగినట్టు లేదు. ముందు ఆ యమ్మ పేరే రాసుకోమను.”

తిరుగు బస్సులో నా పేరుతో ఒక ఫారం తీశాను. నిర్ణయించినది తనా, భర్తా, అత్తమామలా అని మూడే గడులున్నాయి. పంతులుగారికి గడి లేదు.

ఆ ఫారం తయారుచేసింది నేనే.