కోడికి స్నానం

మా మనవరాలికి మూడు రోజులుగా వాంతులు, విరేచనాలు. ఈ రోజు పొద్దున్నే పెద్దముడియం నుంచి బస్సులో జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపోయినాము. డాక్టరమ్మ బిడ్డను చూసి, ఇంట్లో కోళ్లు ఉన్నాయా అని అడిగింది.

"ఒక పెట్ట ఉండాదమ్మా. బిడ్డ పక్కలోనే పండుకుంటాది. బిడ్డ దానికి ముద్దులు పెడ్తాది" అని నా భార్య గొప్పగా చెప్పింది.

"అదే వద్దు. దాని రెట్టలో ఉండే రోగం బిడ్డ కడుపులోకి పోతుంది. కోడిని ముట్టుకున్నాక సబ్బుతో బాగా కడగాలి" అని డాక్టరమ్మ మందిచ్చి పంపింది.

ఇల్లు చేరి కాసేపు నడుము వాల్చినాను. లేచి చూస్తే నా భార్య పెరట్లో కోడిని సబ్బుతో రుద్దుతోంది. నురుగులో దాని ముక్కు ఒక్కటే కనబడుతోంది.

"ఏంది మే ఇది?"

"డాక్టరమ్మ కడగమనింది గదా. నువ్వూ ఆడ్నే ఉంటివే, వినపళ్యా?"

"కడగమనింది చేతులు!"

"చేతులని యాడ చెప్పింది?"

నిజమే, చెప్పలేదు. నేను తాగిన చెంబును కడగకుండా ముట్టని మనిషి, ఆ చేతులు కొంగుకు తుడుచుకుని బిడ్డకు గంజి కలపబోయింది. నాకు వాదించడం చేతకాదు. గిన్నె లాక్కుని, సబ్బు చేతికిచ్చి, చెంబుతో నీళ్లు పోస్తూ నిలబడినాను. తిట్టుకుంటూనే కడుక్కుంది.

గంజి బిడ్డ కడుపులో నిలిచింది. కోడిని గంప కింద మూసినాను. సబ్బు చింతగింజంత మిగిలింది. మీకు తెలిసిన డాక్టర్లుంటే వాళ్లకు కాస్త చెప్పండయ్యా, మా ఇండ్లలో చేతులను చేతులనే చెప్పాల.