నడిమి గంట మీది సిందూరం

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఆషాఢంలో, నన్ను పాతబస్తీలోని ఒక చిన్న స్థానిక చరిత్ర మ్యూజియానికి క్యూరేటర్‌గా బదిలీ చేశారు. పత్తర్‌గట్టి వెనక గల్లీలో నవాబుల కాలపు దేవిడీ భవనం ఒకటి, నాలుగు గదులు, నేను, గ్యాలరీ అటెండెంట్ జహీర్ భాయ్. అంతే సంస్థ. పెద్ద మ్యూజియంలో చాలా ఏళ్లు చేసి వచ్చినవాణ్ణి కాబట్టి ఇక్కడివాళ్లకు పద్ధతి నేర్పడానికే వచ్చాననుకునేవాణ్ణి.

ఆ ఏడాది శరత్కాల కార్యక్రమాలు నా చేతుల మీదుగా మొదలయ్యాయి. బతుకమ్మ నుంచి కార్తీకం దాకా ప్రతి ఆదివారం పొద్దున సందర్శకులను గల్లీల్లో నడిపించి, తిరిగొచ్చాక 'ఇంటింటి వస్తువులు' అనే ప్రదర్శన చూపించేవాళ్లం. వస్తువులన్నీ చుట్టుపక్కల ఇళ్ల నుంచి అరువు తెచ్చినవే. అరువు వస్తువు రాగానే ఫొటో తీసి స్థితి పత్రం రాయాలి. గీత, మరక, సొట్ట ఏదున్నా అందులోకి ఎక్కాలి. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని శుభ్రం చేయకూడదు. ఈ నియమం శిక్షణ తరగతుల్లో నేనే ఎందరికో పాఠం చెప్పాను.

మా నడకలో ఆఖరి మజిలీ యాదమ్మ గారి బర్రెల కొట్టం. వాళ్లది మూడు తరాల పాల వ్యాపారం. దీపావళి తర్వాత దున్నపోతులను అలంకరించి ఊరేగించే సదర్ పండుగకు తమ దున్నపోతు మెడలో కట్టే ఇత్తడి గంటల పట్టీని ఆమె ప్రదర్శనకు ఇచ్చింది. "పండుగ ముందురోజు తీస్కపోత సార్, గప్పటిదాంక మీ దగ్గర్నే ఉండనియ్యుండ్రి" అంది.

నడిమి గంట మీద నల్లబడిన సిందూరం దట్టంగా పేరుకుని, దాని పైన ఎర్రటి మరక ఒకటి ఉంది. జహీర్ భాయ్ ఫొటో తీశాడు. మర్నాడు ప్రారంభోత్సవం, పై అధికారులు వస్తున్నారు. స్థితి పత్రం తర్వాత రాద్దామనుకుని, దూది, ద్రావకం తీసుకుని ఆ జిడ్డంతా నేనే తుడిచేశాను. "ఆమెను ఒక మాట అడుగుదాం సాబ్" అన్నాడు జహీర్ భాయ్. ఇత్తడి గురించి నాకు చెబుతున్నావా అన్నాను. మర్నాడు తళతళలాడే గంటను చూసి అధికారులు మెచ్చుకున్నారు.

సదర్ ముందురోజు యాదమ్మ, ఆమె కోడలు సుజాత వచ్చారు. ఆదివారం కావడంతో గదినిండా సందర్శకులున్నారు. యాదమ్మ గంటను తిప్పి తిప్పి చూసి "బొట్టేది సార్?" అంది. ఏటా సదర్ రోజు ఇంటి పెద్ద బొటనవేలితో ఆ గంటకు సిందూరం పెడతాడట. పాతది తుడవరట, దాని మీదే కొత్తది పెడతారట. "పోయిన సదర్‌కు మా ఆయన పెట్టిండు. చలికాలంల పాయె. ఆయన వేలు గీ గంట మీదనే ఉండె సార్" అంది.

ఒప్పుకోవడానికి ఒక్క మాట చాలు. కానీ చుట్టూ జనం, పైగా నేను క్యూరేటర్‌ని. "మేం తీసుకున్నప్పుడే ఇలా ఉందమ్మా" అన్నాను. అంతటితో ఆగలేదు. లోపలికి వెళ్లి, అప్పటికప్పుడు స్థితి పత్రంలో 'ఉపరితలం శుభ్రం, మరకలు లేవు' అని రాసి, పాత తేదీ వేసి తెచ్చి చూపించాను. ఫైల్లోని ఫొటోను నా సొరుగులోకి మార్చాను. పత్రంలో ఆమె సంతకం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. అక్కడ తాను సంతకం చేయాలని ఆమెకు తెలియదు.

సర్కారు కాగితం కదా, నమ్మింది. కోడలి వైపు తిరిగి "ఇచ్చేముందు నువ్వే తోమినవ్ గదనే? గింత పని జేస్తివేందే!" అంది. "నేను ముట్టనే లేదత్తమ్మా" అంది సుజాత. సుజాత కాక ఆ మాట నిజమని తెలిసినవాళ్లు గదిలో ఇద్దరం ఉన్నాం. జహీర్ భాయ్ నా వంక చూసి తల దించుకున్నాడు. అతని కొలువు నా సంతకం మీద నడుస్తుంది, అతనేం మాట్లాడతాడు? నేను ఆ పత్రాన్ని మళ్లీ ఫైల్లో పెట్టేశాను.

ఆ తర్వాత ఏ సదర్‌కూ సుజాతను ఆ పట్టీ ముట్టనివ్వలేదని జహీర్ భాయే చెప్పాడు. నేను చేసిందల్లా ఆదివారం నడకను వేరే గల్లీకి మళ్లించడం. వైవిధ్యం కోసమని నివేదికలో రాశాను.

రిటైరైన వారానికి ఆ ఫొటో పట్టుకుని కొట్టానికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. పోయేదేమీ లేనప్పుడు వచ్చినదాన్ని ధైర్యం అనకూడదు. యాదమ్మ ఫొటోలోని గుర్తు మీద తన వేలు పెట్టింది. "గిన్ని దినాలు పిల్లనే తిడితి గద సార్" అంది.

సుజాత పాలు పితుకుతోంది. లేవలేదు. "నేను తుడువలేదని నాకెరుకనే సార్. మేం ఇచ్చినప్పుడు బొట్టు ఉండె, గందుకే మీరే తుడిసిండ్రని గూడ గా రోజే ఎరుకైంది. నా మాట మీద మీ కాగితం పెట్టిండ్రు. ఇంక నేనేం జెప్పాలె?" అంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు సలహా అడిగితే ఇదే చెబుతాను. వస్తువు మీద ఏది మురికో తేల్చాల్సింది దాన్ని ఇచ్చినవాళ్లు. స్థితి పత్రం వాళ్ల ముందే రాసి, వాళ్లకు చదివి వినిపించాలి. ఇక నా సంగతంటారా, గంట తుడవడం పొరపాటు. ఆ పత్రం రాయడం పొరపాటు కాదు, తెలిసి చేసిన పని.