నాకు కామెర్లు ఎప్పుడూ రాలేదు

ఈ రోజు కమలాపురంలో మా బావమరిది కొత్త ఇంటి విందుకు నేనూ నా భార్యా వెళ్లాం. నేను తాగుడు మాని తొమ్మిది నెలలైంది. ఇన్నాళ్లూ ఎవరు గ్లాసు అందించినా కామెర్లు వచ్చాయని, డాక్టరు వద్దన్నాడని చెప్పి తప్పించుకున్నాను. మధ్యాహ్నం మేడ మీద బావమరిది గ్లాసు పట్టుకొచ్చి, "ఏం బావా, ఆ కామెర్లు ఇంకా తగ్గలేదా?" అన్నాడు. చుట్టూ కూర్చున్న చుట్టాలు నవ్వారు. మళ్లీ అదే అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

"కామెర్లు ఎప్పుడూ రాలేదప్పా. నేను తాగుబోతును. ఒక్క గుక్క తాగితే ఇంక ఆపుకోలేను," అన్నాను.

అందరూ నవ్వడం మానేశారు. బావమరిది గ్లాసు పక్కన పెట్టి, "అన్నం తిందువు రా బావా," అన్నాడు.

తిరుగు బస్సులో నా భార్య కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలగానే అంది:

"కడుపు నొప్పని, ఫ్యాక్టరీలో పని ఉండాదని, పదేండ్లుగా మావాళ్లకు నీ కోసం అబద్ధాలు చెప్తాండా. ఈ పొద్దు నువ్వు నిజం చెప్పి నన్ను అబద్ధాలకోరును చేసినావు."

"తప్పయింది," అన్నాను.

"పోనీలే. ఇంక చెప్పే పని లేదు. శానా అలిసిపోయినా," అని నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మా ఊరు బేతంచెర్ల వచ్చేదాకా లేవలేదు. నేనూ కదల్లేదు.

నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు. నాకైతే ఇప్పటికీ భుజం లాగుతోంది. మీలో ఎవరికైనా తేలికైందా?