ఇంటర్వ్యూకి ముందు వచ్చిన సున్నుండలు

2023 జనవరి. సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్ అవతల ఉన్న ఒక యూనివర్సిటీలో, విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఆనర్ సొసైటీ బాధ్యత నాది. మొదటి సెమిస్టర్ బాగా చదివిన కొత్త విద్యార్థులను ఈ సంఘం పిలుస్తుంది. మార్కుల పని పిలుపు వరకే. తర్వాత ప్యానెల్ ఇంటర్వ్యూ ఉంటుంది. ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక సీనియర్ విద్యార్థిని కూర్చుని, ఈ పిల్లకు తోటివాళ్ల బాధ్యత అప్పగించవచ్చా అని చూస్తారు. గది, వరస చూసుకోవడం నా పని. ఎంపికలో నా మాట ఉండదు.

ఈసారి పిలుపు అందుకున్నవాళ్లలో సింధుజ ఒకతి. సింగపూర్‌లోనే, యీషున్‌లో పెరిగిన తెలుగు పిల్ల. సొసైటీ సభ్యులు లెక్కల్లో వెనకబడిన విద్యార్థులకు పాఠాలు చెబుతారు. తనకు ఆ పనే కావాలని ముందే నాతో అంది. ఇంటర్వ్యూ రోజు వాళ్లమ్మ పద్మగారు తోడొచ్చారు. నేను గది తెరిచి వచ్చేసరికి, వరండాలో ఆవిడ పెద్ద ప్రొఫెసర్ చేతిలో స్టీలు డబ్బా పెట్టి నమస్కారం చేస్తున్నారు. ఆయన చైనీస్ పెద్దమనిషి. కాదనడానికి మొహమాటపడి అలాగే పట్టుకు నిలబడ్డారు.

ఎంపికకు ముందు ప్యానెల్‌కు ఎవరేమిచ్చినా గిఫ్ట్ డిక్లరేషన్ చేయాలి, అంటే ఆఫీసుకు చెప్పి తిరిగిచ్చేయాలి. ఇచ్చింది అభ్యర్థి ఇంటివాళ్లయితే ఇంటర్వ్యూ ఆపేయవచ్చు కూడా. మొదటి ఏడాది పిలుపు ఒక్కసారే వస్తుంది. ఆపితే సింధుజకు మరో అవకాశం లేదు.

ఆయన లోపలికి వెళ్లాక తల్లీకూతుళ్లకు ఆ సంగతి చెప్పాను.

"సున్నుండలేనమ్మా," అన్నారు పద్మగారు. "పెద్దాయన దగ్గరికి ఉత్త చేతుల్తో ఎలా వస్తాం?"

"ఇక్కడ అలా cannot lah, అమ్మా. లంచం అనుకుంటారు," అంది సింధుజ తన సింగపూర్ యాసలో, మెల్లగా.

"లంచమా? లంచమే ఇవ్వాలంటే జీడిపప్పు పాకం చేసేదాన్ని కాదూ."

నవ్వు రాలేదు నాకు. సింధుజను లోపలికి తీసుకెళ్లాను. డబ్బా బల్ల మీద ఉంది. సీనియర్ విద్యార్థిని నూరా దయగల పిల్ల. "మీ అమ్మగారు నీకు చెప్పకుండా తెచ్చారు, అంతేగా?" అని ఇంగ్లీషులో అడిగింది. గట్టెక్కించడానికే అలా అడిగింది. అవునంటే సరిపోయేది.

"కాదు," అంది సింధుజ. "సగం ఉండలు నేనే చుట్టాను. మా ఇంట్లో ఎవరినైనా మొదటిసారి కలవబోతే ఏదో ఒకటి చేసి పట్టుకెళ్తాం. ఇక్కడ అది తప్పని మాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి తీసుకెళ్లిపోతాను. ఇంటర్వ్యూ ఆపినా సరే. ఆపితే మాత్రం ఆ మాట మా అమ్మకు మీరెవరూ చెప్పకండి. ఇంటికెళ్లాక నేనే చెబుతాను."

మాట తడబడలేదు. పద్దెనిమిదేళ్ల పిల్ల.

పెద్ద ప్రొఫెసర్ ఇంటర్వ్యూ ఆపనక్కర్లేదన్నారు. తాను మాత్రం రెక్యూజ్ అయ్యారు, అంటే ఆమె విషయంలో నిర్ణయం నుంచి తప్పుకున్నారు. వేరే విభాగం నుంచి ఇంకొకరిని పిలిపించి, అందరి తర్వాత సింధుజను కూర్చోబెట్టాం. అంతసేపూ పద్మగారు డబ్బా ఒళ్లో పెట్టుకుని బయట కూర్చున్నారు.

"ఏమడిగారే?" అన్నారు కూతురు రాగానే.

"సగంసేపు నీ సున్నుండల గురించే."

"బావుంది వరస. చదువు గురించి అడగలేదూ?"

"అడిగార్లే. పద, ఆకలేస్తోంది."

సింధుజ ఎంపికైంది. ఆ కొత్త ప్రొఫెసర్ నాతో, "ఈ అమ్మాయికి పాఠం రాని పిల్లల్ని అప్పగించవచ్చు. వాళ్లను చిన్నబుచ్చదు," అన్నారు.

మా పాపను నిద్రపుచ్చి ఇది రాస్తున్నాను. వచ్చే ఏడాది బడిలో చేరుతుంది. దానికి చదువు అబ్బుతుందో లేదో, పది మందిలో వెనకబడుతుందేమో అని నా దిగులంతా. ఇప్పుడు ఆ దిగులుతో పాటు ఒక ఆశ కూడా చేరింది. ఎప్పుడో ఒకనాడు నేనూ ప్రేమకొద్దీ ఏదో పొరపాటు చేస్తాను. ఆ రోజు నా కూతురు నిజమే చెప్పాలి, నా పక్కనే నిలబడి చెప్పాలి.